అమెరికా నర్సింగ్ హోమ్‌లు: రోజుకు ఎన్ని గంటల సేవ?

విజయవాడలోనో వరంగల్‌లోనో నర్సింగ్ హోమ్ అంటే ఓ డాక్టరుగారో, డాక్టరు దంపతులో నడిపే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. పైన కాన్పుల వార్డు, ఆపరేషన్ థియేటరు, కింద మందుల షాపు. అమెరికాలో ఆ మాటకు అర్థం పూర్తిగా వేరు. మంచం మీంచి లేవడం, స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం వంటివి మరొకరి సాయం లేకుండా చేసుకోలేనివాళ్లు, ముఖ్యంగా పెద్దవయసువాళ్లు, నెలల తరబడి, ఏళ్ల తరబడి ఉండే చోటది. రాత్రీ పగలూ నర్సులుంటారు. డాక్టరు మాత్రం అప్పుడప్పుడూ వచ్చి చూసి వెళ్తారు. పిల్లల దగ్గరికని డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్లిన మన పెద్దవాళ్లు పక్కింటి ముసలాయన్ని నర్సింగ్ హోమ్‌లో పెట్టారని విని, ఏం ఆపరేషనో అని అడిగితే వింతేమీ లేదు.

ఇలాంటి హోమ్‌లు ఆ దేశంలో సుమారు 15,000 ఉన్నాయి. ఏ రోజు లెక్క తీసినా వాటిలో దాదాపు 12 లక్షల మంది ఉంటారు. పదింట ఏడు హోమ్‌లు లాభం కోసం నడిచేవే. మిగతావాటిలో చర్చిలు, ధర్మసంస్థలు నడిపేవి ఎక్కువ, ప్రభుత్వానివి తక్కువ. అసిస్టెడ్ లివింగ్ అనేది వేరే వ్యవహారం. అక్కడ ఉండేవాళ్లకు కొంత ఓపిక ఉంటుంది, నిబంధనలు రాష్ట్రాలవి. నర్సింగ్ హోమ్ మాత్రం ఫెడరల్ ప్రభుత్వం గుప్పిట్లో ఉంటుంది. కారణం సూటిగా చెప్పాలంటే, డబ్బులిచ్చేది ఆ ప్రభుత్వమే.

ఈ రంగం ఎలా పుట్టింది, ఎలా పెరిగింది, ఎందుకు మాటిమాటికీ వార్తల్లోకి ఎక్కుతుంది అన్న ప్రశ్నల్లో దేన్ని పట్టుకున్నా, అది చివరికి రెండు లెక్కల దగ్గరికే తీసుకెళ్తుంది. ఖర్చు ఎవరు పెడతారు? ఆ ఖర్చుతో ఒక్కో మనిషికి రోజుకు ఎన్ని గంటల సేవ దక్కుతుంది? మొదటి ప్రశ్నకు 1965లోనే ఓ జవాబు దొరికింది. రెండోదాని మీద కొట్లాట ఇంకా నడుస్తూనే ఉంది.

పూర్‌హౌస్ మూసి, మరో తలుపు తెరిచి

పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో దిక్కులేని వృద్ధులకు మిగిలింది పూర్‌హౌస్. కౌంటీ ప్రభుత్వం నడిపే బీదల గృహం. తాగుబోతులు, మతి స్థిమితం లేనివాళ్లు, అనాథలు, ముసలివాళ్లు అందరూ ఒకే కప్పు కింద. అక్కడ చనిపోవడం కంటే నామోషీ లేదనుకునేవాళ్లు. 1935 ఆగస్టులో రూజ్‌వెల్ట్ సంతకం చేసిన సోషల్ సెక్యూరిటీ చట్టం పేద వృద్ధులకు నెలనెలా సాయం ఏర్పాటు చేస్తూ ఒక మెలిక పెట్టింది. ప్రభుత్వ గృహాల్లో ఉండేవాళ్లకు ఆ డబ్బు ఇవ్వరు. పూర్‌హౌస్‌లు ఖాళీ కావాలన్నది ఉద్దేశం. సాయం చేతికి రాగానే వృద్ధులు సొంత ఇళ్లలో బతుకుతారని అనుకున్నారు.

కొందరు బతికారు. మంచాన పడ్డవాళ్ల సంగతి? వాళ్లకు డబ్బు వచ్చింది గానీ చూసేవాళ్లు రాలేదు. ఆ ఖాళీలోకి ప్రైవేటు బోర్డింగ్ ఇళ్లు వచ్చాయి. పెద్ద ఇల్లున్న వాళ్లు నాలుగు గదులు అద్దెకిచ్చి, వంట చేసిపెట్టి, ఒక నర్సమ్మను పెట్టుకుని బోర్డు తగిలించారు. అమెరికన్ నర్సింగ్ హోమ్ అసలు రూపం అదే. సంరక్షణ ఎలా ఉండాలని ఎవరో కూర్చుని ఆలోచించి కట్టినది కాదు, సాయం డబ్బు ఎక్కడ చెల్లుతుందో అక్కడ మొలిచినది. ఆ తర్వాతి తొంభై ఏళ్ల చరిత్రకు ఈ పుట్టుమచ్చ పోలేదు.

1954లో ఆసుపత్రుల నిర్మాణానికి ఉద్దేశించిన హిల్-బర్టన్ నిధులను నర్సింగ్ హోమ్‌లకూ ఇవ్వడం మొదలైంది. దాంతో పాటు ఆసుపత్రి నమూనా కూడా వచ్చి పడింది. పొడుగాటి కారిడార్, మధ్యలో నర్సుల బల్ల, అటూ ఇటూ ఇద్దరిద్దరికి ఒక గది, మధ్యన పరదా. ఈ రోజుకీ చాలా హోమ్‌లు అలాగే ఉన్నాయి. జీవితంలో చివరి మూడేళ్లు ముక్కూ మొహం తెలియని మనిషితో ఒక గదిలో గడపాల్సి రావడానికి మూలం ఓ నిర్మాణ గ్రాంటు.

1965 జులై 30న మిస్సోరీ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ పట్నంలో, మాజీ అధ్యక్షుడు ట్రూమన్ పక్కన కూర్చుని అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మెడికేర్, మెడికెయిడ్ చట్టంపై సంతకం చేశాడు. ఈ రెండు పేర్లూ వింటే కవల పిల్లల్లా ఉంటాయి గానీ స్వభావాలు వేరు. మెడికేర్ 65 ఏళ్లు దాటినవాళ్లకు, పని చేసిన కాలంలో కట్టిన పన్నుకు ప్రతిఫలంగా వచ్చే ఆరోగ్య బీమా. మెడికెయిడ్ పేదలకు ఫెడరల్, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి ఇచ్చే సాయం. ప్రభుత్వ సొమ్ము హామీగా కనబడేసరికి 1960ల చివర్లో నర్సింగ్ హోమ్ కంపెనీల షేర్లు వాల్ స్ట్రీట్‌లో ఎగబాకాయి.

వంద రోజులు, రెండు వేల డాలర్లు

వయసు మళ్లితే మెడికేర్ చూసుకుంటుందని చాలామంది అమెరికన్లు నమ్ముతారు. అది సగం నిజమే. కనీసం మూడు రోజులు ఆసుపత్రిలో ఇన్‌పేషెంటుగా ఉండి, ఆ తర్వాత నర్సుల వైద్యసేవో ఫిజియోథెరపీయో అవసరమైతేనే మెడికేర్ నర్సింగ్ హోమ్ ఖర్చు ఇస్తుంది. అదీ గరిష్ఠంగా 100 రోజులు. మొదటి 20 రోజులు పూర్తిగా, ఆపైన రోజుకు 2025 లెక్క ప్రకారం 209.50 డాలర్లు రోగి వాటా. ఆసుపత్రివాళ్లు మూడు రోజులు మంచం ఇచ్చి, కాగితాల మీద మాత్రం 'అబ్జర్వేషన్' అని రాస్తే అది ఇన్‌పేషెంటు కిందికి రాదు. తుంటి ఎముక విరిగి, ఆసుపత్రి మంచం మీదే నాలుగు రాత్రులు పడుకున్న మనిషికి బిల్లు వచ్చాక గానీ ఈ తేడా తెలియదు.

వందో రోజు దాటాక సొంత డబ్బు పెట్టుకోవాలి. 2024లో జెన్‌వర్త్ బీమా సంస్థ సర్వే ప్రకారం ఇద్దరుండే గదిలో ఒక మంచానికి ఏడాదికి మధ్యస్థ ఖర్చు 1,11,325 డాలర్లు, విడి గదికైతే 1,27,750. మధ్యతరగతి కుటుంబం దాచుకున్నది రెండు మూడేళ్లలో కరిగిపోతుంది. అలా కరిగి, లెక్కలోకి వచ్చే ఆస్తి చాలా రాష్ట్రాల్లో 2,000 డాలర్లకు దిగాక మెడికెయిడ్ ఆదుకుంటుంది. ముందుచూపుతో ఆస్తి పిల్లల పేర రాసేస్తే? దరఖాస్తుకు ముందు అయిదేళ్ల లావాదేవీలన్నీ తవ్వి తీస్తారు. 2005 నాటి చట్టం ఆ గడువును మూడేళ్ల నుంచి అయిదుకు పెంచింది. మనిషి చనిపోయాక ఖర్చును ఇంటి మీద రాబట్టుకునే ప్రయత్నం కూడా రాష్ట్రాలు చేయాలని 1993 నుంచి నిబంధన ఉంది. భార్యాభర్తల్లో ఒకరు ఇంటి దగ్గరే ఉంటే వాళ్లు రోడ్డున పడకుండా కొంత ఆస్తి, ఆదాయం వదిలిపెట్టే వెసులుబాటు 1988లో వచ్చింది.

నర్సింగ్ హోమ్‌లో ఉన్నవాళ్లలో పదికి ఆరుగురికి పైగా మెడికెయిడ్ మీదే ఆధారపడి ఉన్నారంటే, వాళ్లంతా పుట్టు పేదలని కాదు. టీచర్లు, నర్సులు, ఫ్యాక్టరీ సూపర్‌వైజర్లు అక్కడికి వచ్చాక పేదలైనవాళ్లు.

యజమాని వైపు నుంచి చూస్తే లెక్క ఇంకోలా ఉంటుంది. మెడికేర్ ఇచ్చే రోజు రేటు మెరుగు, దాని మీద బాగానే మిగులుతుంది. మెడికెయిడ్ రేటు రాష్ట్రాన్ని బట్టి అంతంతమాత్రం, చాలాచోట్ల నష్టమని యజమానులు వాదిస్తారు. కాబట్టి మోకాలి ఆపరేషన్ చేయించుకుని మూడు వారాలు ఉండి వెళ్లే మెడికేర్ రోగికి ముందు వరస గది, గోడకు పెద్ద టీవీ. అల్జీమర్స్‌తో ఏళ్ల తరబడి ఉండే మెడికెయిడ్ నివాసికి వెనక కారిడార్.

1987

1970ల్లో కుంభకోణాలు వరసగా బయటపడ్డాయి. న్యూయార్క్‌లో బెర్నార్డ్ బెర్గ్‌మన్ అనే యజమాని మెడికెయిడ్ మోసం కేసు పత్రికలను ముంచెత్తింది. సెనేటర్ ఫ్రాంక్ మాస్ ఉపసంఘం 1974 నుంచి వెలువరించిన నివేదికలు నర్సింగ్ హోమ్ వ్యవస్థను ప్రభుత్వ విధాన వైఫల్యమని ముఖం మీదే అన్నాయి. కొలరాడోలో హోమ్ నివాసులు వేసిన దావా మరో గుట్టు విప్పింది. అప్పటి తనిఖీ, హోమ్‌కు మంచి సేవ అందించే 'సామర్థ్యం' ఉందా అని చూసేదే తప్ప, మనుషులకు ఆ సేవ అందుతోందా అని చూసేది కాదు. వంటిల్లు ఉందా, డైటీషియన్ ఉందా, మెనూ గోడకు అంటించి ఉందా అని చూస్తే చాలు. పెద్దామె అన్నం తిందా లేదా ఎవరికీ పట్టలేదు. 1984లో ఫెడరల్ అప్పీలు కోర్టు, నిజంగా సేవ అందుతోందో లేదో తెలుసుకోవడం ప్రభుత్వ బాధ్యతేనని తేల్చింది.

తర్వాత 1986లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక, దాని వెనకే 1987 డిసెంబరులో రీగన్ సంతకంతో నర్సింగ్ హోమ్ సంస్కరణ చట్టం. ప్రభుత్వ జోక్యమంటే గిట్టని అధ్యక్షుడి హయాంలో ఆ రంగం మీదకెల్లా పెద్ద నియంత్రణ చట్టం రావడం తమాషా అనిపిస్తుంది గానీ, బడ్జెట్ బిల్లులో భాగంగా వచ్చిందది. నివాసుల రోజువారీ పనుల్లో సాయపడే నర్సింగ్ ఎయిడ్‌లకు కనీసం 75 గంటల శిక్షణ తప్పనిసరి చేసింది. ప్రతి నివాసి పరిస్థితినీ ఒకే తరహా ఫారంలో నమోదు చేయాలంది. ఉత్తరాలు విప్పకుండా అందుకునే హక్కు, ఫిర్యాదు చేసే హక్కు, కారణం లేకుండా గెంటివేయబడకుండా ఉండే హక్కు రాసిపెట్టింది. సిబ్బంది సౌకర్యం కోసం మనుషుల్ని కట్టేయకూడదంది.

కట్టేయడమంటే అక్షరాలా కట్టేయడమే. పడిపోతారని కుర్చీకి బెల్టు, మంచానికి నడుం పట్టీ. 1980ల్లో నూటికి నలభై మంది దాకా అలా గడిపేవాళ్లు. ఇప్పుడు నూటికి ఒకరు కూడా లేరు. నియంత్రణ వల్ల ఏం ఒరిగిందని అడిగేవాళ్లకు చూపించగలిగిన గట్టి జవాబు ఇది.

బెల్టులు పోయిన చోట మాత్రలు వచ్చాయన్న అనుమానం కూడా అప్పుడే మొదలైంది. స్కిజోఫ్రీనియా వంటి మానసిక వ్యాధులకు వాడే యాంటీసైకోటిక్ మందులు డిమెన్షియా ఉన్న వృద్ధులకు ఇస్తే వాళ్లు మెత్తబడి ఓ మూల కూర్చుంటారు. చనిపోయే ముప్పు పెరుగుతుందని 2005లోనే అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ డబ్బా మీద నల్లగీతల హెచ్చరిక వేయించింది. 2012లో వాడకం తగ్గించే జాతీయ కార్యక్రమం మొదలయ్యాక అంకెలు దిగివచ్చాయి. అయితే స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లను ఆ లెక్కలో కలపరు. యవ్వనంలో బయటపడే ఆ జబ్బు ఎనభై ఏళ్లవాళ్ల కేసు షీట్లలో ఉన్నట్టుండి ఎక్కువైంది! 2021లో న్యూయార్క్ టైమ్స్ ఈ సంగతి బయటపెట్టింది. 2023 జనవరి నుంచి ప్రభుత్వం ఆ రోగనిర్ధారణల మీద ఆడిట్లు మొదలుపెట్టి, తప్పు తేలిన హోమ్‌ల రేటింగ్ తగ్గించింది.

నక్షత్రాలు, అక్షరాలు

తనిఖీని అక్కడ 'సర్వే' అంటారు. రాష్ట్ర ప్రభుత్వ బృందం ముందు చెప్పకుండా వస్తుంది. ఏ హోమ్‌కైనా రెండు సర్వేల మధ్య 15 నెలలు మించకూడదు. దొరికిన ప్రతి లోపానికీ ఓ నంబరు, తీవ్రతను బట్టి ఏ నుంచి ఎల్ దాకా ఓ అక్షరం. చివరి మూడు అక్షరాల్లో ఏది పడినా అర్థం, ప్రాణాపాయం పొంచి ఉందని. ఆ మాట వినబడితే నిర్వాహకులకు ఆ రాత్రి నిద్ర ఉండదు. జరిమానాలు, కొత్తగా చేరేవాళ్లకు చెల్లింపులు ఆపడం, చివరగా మెడికేర్, మెడికెయిడ్ జాబితా నుంచి తీసేయడం వరకూ శిక్షలున్నాయి. చివరిది అరుదు. హోమ్ మూతపడితే వంద మంది ముసలివాళ్లను ఎక్కడికి తరలించాలన్నది తనిఖీదారులనూ భయపెడుతుంది.

2008 డిసెంబరులో మామూలు జనానికి అర్థమయ్యేలా ఒకటి నుంచి అయిదు నక్షత్రాల రేటింగ్ వచ్చింది. హోటళ్లకు ఇచ్చినట్టే. కానీ సర్వే ఫలితాలు తప్ప మిగతా సమాచారమంతా మొదట్లో హోమ్‌లు తమ గురించి తాము చెప్పుకున్నదే. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు. సిబ్బంది విషయంలో ఈ వెసులుబాటు 2016 జులైలో పోయింది. జీతాల రిజిస్టర్ల నుంచి ఎవరు ఏ రోజు ఎన్ని గంటలు పనిచేశారో మూడు నెలలకోసారి ప్రభుత్వానికి పంపాలి. ఆ లెక్కలను విశ్లేషించిన గెంగ్, స్టీవెన్సన్, గ్రబౌస్కీ 2019లో ప్రచురించిన వ్యాసం చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. శని, ఆదివారాల్లో సిబ్బంది పల్చబడతారు. సర్వే రోజులు దగ్గరపడే కొద్దీ పెరుగుతారు. సర్వే అయ్యాక మళ్లీ తగ్గుతారు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే బడికి సున్నం కొట్టించడం మనకు తెలియనిది కాదు.

ఇదంతా నడిపేది మెడికేర్, మెడికెయిడ్ సేవల కేంద్రం, అక్కడివాళ్ల నోట్లో సీఎమ్మెస్. రంగంలో ఉన్నవాళ్ల క్యాలెండరు దాని చుట్టూ తిరుగుతుంది. ఏటా ఏప్రిల్ ప్రాంతంలో మెడికేర్ చెల్లింపుల ముసాయిదా, జులై ఆఖరుకు తుది నిబంధన, అక్టోబరు 1 నుంచి అమలు. 2025 అక్టోబరుతో మొదలైన ఏడాదికి పెంపు 3.2 శాతం; అంతకుముందు ఏడాది 4.2.

చెల్లింపు పద్ధతి మారితే సేవ రూపం ఎలా మారిపోతుందో చెప్పడానికి ఫిజియోథెరపీ కంటే మంచి ఉదాహరణ లేదు. 2019 వరకూ వారానికి ఎన్ని నిమిషాల థెరపీ ఇస్తే అంత రేటు. అన్నిటికంటే పై మెట్టు 720 నిమిషాలు. దేశమంతటా రోగులకు సరిగ్గా 720 నిమిషాలు, లేదంటే దానికి ఒకటి రెండు నిమిషాలు పైన, థెరపీ అవసరం పడుతూ వచ్చింది. అక్కర్లేని థెరపీకి బిల్లులు వేశారన్న ఆరోపణలపై లైఫ్ కేర్ సెంటర్స్ ఆఫ్ అమెరికా అనే హోమ్‌ల గొలుసు సంస్థ 2016లో 14.5 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. 2019 అక్టోబరు 1న నిమిషాల లెక్క తీసేసి రోగి పరిస్థితిని బట్టి చెల్లించే కొత్త విధానం తెచ్చారు. అదే వారంలో థెరపిస్టుల తొలగింపులు మొదలయ్యాయి. భారతదేశం నుంచి వెళ్లిన ఫిజియోథెరపిస్టుల్లో చాలామందికి, అందులో తెలుగువాళ్లకు కూడా, అమెరికాలో తొలి ఉద్యోగం ఈ హోమ్‌లలోనే. రోగుల మోకాళ్లు రాత్రికి రాత్రి బాగుపడలేదు, లెక్క మారింది.

కిర్క్‌లాండ్ తర్వాత

2020 ఫిబ్రవరి చివర్లో వాషింగ్టన్ రాష్ట్రంలోని కిర్క్‌లాండ్‌లో ఓ నర్సింగ్ హోమ్ నుంచి కోవిడ్ మరణాల వార్తలు వచ్చాయి. మార్చి 13న దేశమంతా హోమ్‌లలోకి సందర్శకులను ఆపేశారు. కిటికీ అద్దానికి అవతల నిలబడి చెయ్యూపే కూతుళ్ల ఫొటోలు అప్పటివే. నిషేధం పూర్తిగా ఎత్తేసింది 2021 నవంబరులో. ఈ హోమ్‌లలో 1,70,000 మందికి పైగా నివాసులు కోవిడ్‌తో పోయారు. ఇద్దరికో గది, ఒకే ఎయిడ్ పన్నెండు గదులు తిరగడం, చాలీచాలని జీతానికి రెండు హోమ్‌లలో పనిచేయడం వైరస్‌కు దారి పరిచాయి. న్యూయార్క్‌లో మరణాల లెక్క కప్పిపుచ్చారన్న వివాదం అప్పటి గవర్నర్ ఆండ్రూ కువోమోను వెంటాడింది.

అప్పుడే యాజమాన్యాల మీదా దృష్టి పడింది. పెట్టుబడిదారుల సొమ్ముతో కంపెనీలను కొని అమ్మే ప్రైవేట్ ఈక్విటీ సంస్థలు హోమ్‌లను కొని, భూమీ భవనాన్నీ ఒక కంపెనీకి, నిర్వహణను మరో కంపెనీకి చీల్చడం ఈ రంగంలో పాత విద్య. హోమ్ తన భవనానికే అద్దె కడుతుంది, అది కూడా చాలాసార్లు బంధుత్వమున్న కంపెనీకి. పుస్తకాల్లో నష్టమే కనిపిస్తుంది. కార్లైల్ గ్రూప్ 2007లో సుమారు 630 కోట్ల డాలర్లకు కొన్న హెచ్‌సీఆర్ మేనర్‌కేర్ 2018 మార్చిలో దివాలా కోర్టుకెక్కింది. ప్రైవేట్ ఈక్విటీ చేతిలో ఉన్న హోమ్‌లలో చేరిన మెడికేర్ రోగుల మరణాలు దాదాపు 10 శాతం ఎక్కువని అతుల్ గుప్తా తదితర ఆర్థికవేత్తలు 2021లో లెక్కగట్టారు. అసలు యజమాని ఎవరో వెల్లడించాలని 2023 నవంబరులో నిబంధన వచ్చింది. అదే ఏడాది జూన్‌లో సుప్రీంకోర్టు, ఇండియానాలో డిమెన్షియా రోగి కుటుంబం వేసిన టలెవ్‌స్కీ కేసులో, 1987 చట్టం ఇచ్చిన హక్కుల కోసం ప్రభుత్వ యాజమాన్యంలోని హోమ్ మీద నివాసులు పౌరహక్కుల దావా వేయవచ్చని 7-2తో తీర్పిచ్చింది.

3.48 అనే అంకె కథ

1987 చట్టం సిబ్బంది గురించి చెప్పింది చాలా తక్కువ. రిజిస్టర్డ్ నర్సు రోజుకు ఎనిమిది గంటలు, వారమంతా. లైసెన్సున్న నర్సు ఒకరు ఎప్పుడూ. మిగతాది 'అవసరానికి సరిపడా'. నలభై మంచాలకైనా రెండు వందల మంచాలకైనా ఇదే. సరిపడా అంటే ఎంత? ప్రభుత్వం కోసం చేసిన అధ్యయనం ఒకటి 2001లో అంకె చెప్పింది. దీర్ఘకాలం ఉండేవాళ్లకు హాని జరగకుండా ఉండాలంటే మనిషికి రోజుకు 4.1 గంటల నర్సింగ్ సేవ కావాలి. ఆ నివేదిక ఇరవై ఏళ్లు అల్మరాలో ఉంది.

2022 ఫిబ్రవరిలో బైడెన్ ప్రభుత్వం కనీస సంఖ్య నిర్ణయిస్తామంది. 2024 ఏప్రిల్ 22న తుది నిబంధన వెలువడింది. మనిషికి రోజుకు మొత్తం 3.48 గంటలు, అందులో రిజిస్టర్డ్ నర్సు 0.55, నర్సింగ్ ఎయిడ్ 2.45; రిజిస్టర్డ్ నర్సు ఇరవైనాలుగు గంటలూ హోమ్‌లో ఉండాలి. పల్లె ప్రాంతాలకు అయిదేళ్ల దాకా గడువు. పదేళ్లలో ఖర్చు సుమారు 4,300 కోట్ల డాలర్లని ప్రభుత్వ అంచనా, అందుకు కేటాయించిన నిధులు దాదాపు లేవు. నివాసుల తరఫువాళ్లు 4.1 ఎక్కడ, 3.48 ఎక్కడ అని పెదవి విరిచారు. యజమానులు ఆ మాత్రం కూడా అసాధ్యమన్నారు. ఆరోగ్య విధానాలపై పరిశోధించే కేఎఫ్ఎఫ్ సంస్థ లెక్క ప్రకారం అప్పటికి అన్ని షరతులనూ అందుకోగలిగేవి నూటికి 19 హోమ్‌లే. నిబంధన అమలైతే ఏటా సుమారు 13,000 ప్రాణాలు దక్కుతాయని పెన్సిల్వేనియా యూనివర్సిటీ పరిశోధకులు అంచనా వేశారు.

యజమానుల సంఘం అమెరికన్ హెల్త్ కేర్ అసోసియేషన్ నెల తిరిగేసరికి టెక్సస్ కోర్టుకు వెళ్లింది. 2025 ఏప్రిల్ 7న జడ్జి మాథ్యూ కాజ్‌మరిక్ నిబంధన కొట్టేశాడు. చట్టసభ ఎనిమిది గంటలని రాసి ఉంటే సీఎమ్మెస్ ఇరవైనాలుగు అని మార్చడానికి వీల్లేదన్నది సారాంశం. జూన్‌లో అయోవాలో మరో ఫెడరల్ జడ్జిదీ అదే మాట. జులై 4న ట్రంప్ సంతకం చేసిన పెద్ద బడ్జెట్ చట్టం 2034 సెప్టెంబరు 30 వరకూ నిబంధన అమలు చేయకూడదంది. డిసెంబరులో సీఎమ్మెస్ స్వయంగా దాన్ని రద్దు చేసింది. చచ్చిన పామును నాలుగుసార్లు కొట్టినట్టయింది.

యజమానుల వాదనలో పస లేకపోలేదు. మనుషులు దొరకడం లేదన్నది నిజం. అయితే ఎందుకు దొరకడం లేదన్నదానికి జవాబు వాళ్ల రిజిస్టర్లలోనే ఉంది. గాంధీ, యూ, గ్రబౌస్కీ 2021లో ప్రచురించిన అధ్యయనంలో నర్సింగ్ సిబ్బంది వార్షిక టర్నోవర్ సగటు 128 శాతం. అంటే ఏడాదిలో ఉన్నవాళ్లంతా పోయి, వచ్చినవాళ్లలో కూడా కొందరు పోతారు. నడుములు విరిగేలా మనుషుల్ని ఎత్తి, దించి, డైపర్లు మార్చే నర్సింగ్ ఎయిడ్‌కు 2024లో మధ్యస్థ సంపాదన ఏడాదికి సుమారు 39,500 డాలర్లు. గిడ్డంగిలో పెట్టెలు సర్దినా అంతే వస్తుంది, నడుం నొప్పి తక్కువ. ఈ పనిలో నూటికి తొంభై మంది ఆడవాళ్లే. వలస వచ్చినవాళ్ల వాటా కూడా ఎక్కువ కావడంతో వీసా విధానంలో ప్రతి కుదుపూ హోమ్‌ల డ్యూటీ చార్టుల్లో కనిపిస్తుంది.

2025 చట్టంలో హోమ్‌లకు మోదమూ ఖేదమూ రెండూ ఉన్నాయి. మెడికెయిడ్ నిధుల కోసం రాష్ట్రాలు ఆసుపత్రుల వంటి సంస్థల మీద వేసే పన్నుల పరిమితిని తగ్గించినా నర్సింగ్ హోమ్‌లను ఆ తగ్గింపు నుంచి మినహాయించారు. కానీ దరఖాస్తుకు ముందటి మూడు నెలల ఖర్చును మెడికెయిడ్ వెనక్కి తిరిగి చెల్లించే వెసులుబాటు 2027 జనవరి నుంచి రెండు నెలలకు కుదించుకుపోతుంది. అమ్మకు పక్షవాతం వచ్చి హడావుడిగా హోమ్‌లో చేర్చి, తర్వాత బ్యాంకు కాగితాలు వెతుక్కునే కుటుంబాలకు, బాకీ కోసం ఎదురుచూసే హోమ్‌లకు ఆ ఒక్క నెల చిన్నది కాదు. ఆ చట్టం వచ్చిన జులైలోనే, ఒకప్పుడు దేశంలోకెల్లా పెద్ద నర్సింగ్ హోమ్ గొలుసు సంస్థల్లో ఒకటైన జెనెసిస్ హెల్త్‌కేర్ దివాలా రక్షణ కోరింది.

ఇంటికి తిరిగే దారి

నర్సింగ్ హోమ్ తప్ప దిక్కులేదన్న పరిస్థితి కొంత మారింది. 1981 నుంచి మెడికెయిడ్ డబ్బును ఇంటి దగ్గర సేవకూ వాడుకునే మినహాయింపులు రాష్ట్రాలకు దొరికాయి. ఇంటి దగ్గర సాధ్యమైనవాళ్లను సంస్థల్లో బంధించడం వివక్షేనని 1999లో ఓమ్‌స్టెడ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2013 నాటికి మెడికెయిడ్ దీర్ఘకాల సంరక్షణ ఖర్చులో సగానికి పైగా ఇళ్లకు, పరిసర సేవలకు వెళ్లింది. శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో వలస కుటుంబాల పెద్దల కోసం 1971లో మొదలైన ఆన్ లోక్ కేంద్రం, పగలు వ్యానులో తీసుకొచ్చి వైద్యం, భోజనం, కాలక్షేపం చూసి సాయంత్రం ఇంటికి దింపే పద్ధతికి దారి చూపింది. పెద్ద భవనం బదులు పదీ పన్నెండు మంది ఉండే ఇల్లు, ఎవరి గది వాళ్లకు, అందరికీ ఒకే వంటింటి బల్ల అనే గ్రీన్ హౌస్ నమూనాను బిల్ థామస్ అనే డాక్టరు ఆలోచిస్తే, మొదటివి 2003లో మిసిసిపీలోని టుపెలోలో వచ్చాయి. అందరూ మెచ్చుకున్నారు, కట్టినవాళ్లు తక్కువ.

డబ్బు సమస్యకు ఉమ్మడి బీమా అనే ఆలోచన రెండుసార్లు ముందుకొచ్చింది. 2010 నాటి ఒబామా ఆరోగ్య చట్టంలోని క్లాస్ పథకం మొదలు కాకుండానే రద్దయింది. వాషింగ్టన్ రాష్ట్రం సొంతంగా పెట్టిన నిధి మాత్రం నిలబడింది. 2023 జులై నుంచి జీతంలో 0.58 శాతం కోత, 2026 జులై నుంచి జీవితకాలంలో 36,500 డాలర్ల దాకా ప్రయోజనం. దీన్ని ఐచ్ఛికం చేయాలన్న ప్రతిపాదనను 2024 నవంబరులో ఓటర్లు తిరస్కరించారు. ఆ సొమ్ము నర్సింగ్ హోమ్‌లో నాలుగు నెలలకు సరిపోతుంది, లేదా బాత్రూంలో పట్టుకునే కడ్డీలు, మెట్ల దగ్గర ర్యాంపు, వారానికి కొన్ని గంటల సాయానికి చాలా కాలం వస్తుంది.

గ్రీన్ కార్డు మీద పిల్లల దగ్గరికి చేరిన తెలుగు తల్లిదండ్రులకు ఈ వ్యవస్థ తలుపులు ఆలస్యంగా తెరుచుకుంటాయి. 1996 చట్టం ప్రకారం ఫెడరల్ మెడికెయిడ్‌కు సాధారణంగా అయిదేళ్లు ఆగాలి. అక్కడ ఉద్యోగం చేయనివాళ్లకు మెడికేర్ కావాలన్నా అయిదేళ్ల నివాసం తర్వాత నెలనెలా ప్రీమియం కట్టాలి, అది దీర్ఘకాలపు సేవకు ఎలాగూ పనికిరాదు. దాంతో ఆ భారం కోడలిదో కూతురిదో అవుతుంది. నర్సింగ్ హోమ్ అంటే ఇష్టం లేకపోవడానికి పరువు ఒక్కటే కారణం కాదు. పెరుగన్నం దొరకదు, డిమెన్షియా ముదిరి ఇంగ్లిషు మరిచిపోయాక నొప్పి ఎక్కడో చెప్పినా ఎయిడ్‌కు అర్థం కాదు. న్యూజెర్సీలో భారతీయ భోజనం పెట్టే పగటి సంరక్షణ కేంద్రాలు, ఫ్లోరిడాలోని టవారెస్‌లో భారతీయుల కోసం కట్టిన శాంతినికేతన్ కాలనీ ఆ లోటులోంచే వచ్చాయి. రెండోది మంచాన పడనివాళ్ల కోసం.

కనీస సిబ్బంది నిబంధన పోయాక బంతి రాష్ట్రాల కోర్టులో పడింది. కాలిఫోర్నియా, న్యూయార్క్ చట్టాలు మనిషికి రోజుకు 3.5 గంటలంటాయి. ఫ్లోరిడా 2022లో నర్సింగ్ ఎయిడ్‌ల కనీస సమయాన్ని 2.5 గంటల నుంచి 2కు దించింది. కొన్ని రాష్ట్రాల్లో అంకే లేదు. జీతాల రిజిస్టర్ పంపే నిబంధన మాత్రం రద్దు కాలేదు. 2022 నుంచి ప్రభుత్వ వెబ్‌సైటులో ప్రతి హోమ్ పేరు కింద శని, ఆదివారాల సిబ్బంది గంటలు, ఏడాదిలో ఎంతమంది మానేశారన్న శాతం కూడా కనిపిస్తున్నాయి. నక్షత్రాల కంటే ముందు ఆ రెండు గళ్లు చూడమని నివాసుల తరఫున పనిచేసేవాళ్లు కుటుంబాలకు చెబుతుంటారు.